చూపించే ధర ఒకటి, ఇల్లు చేరేసరికి అయ్యేది ఇంకొకటి: చవక విమానాలు, మధ్యరకం హోటళ్ళలో మేము నేర్చుకున్న లెక్క

హైదరాబాదు నుంచి శుభలేఖ వచ్చినప్పుడు హోసూరులోని మా ఇంట్లో మొదట లేచిన ప్రశ్న "ఎప్పుడు పోదాం?" అన్నది కాదు, "ఎంతమందిమి పోగలం?" అన్నది. చిన్నాయన మనవరాలి పెళ్ళి. అమ్మకు డెబ్బయి నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. రాత్రంతా బస్సులో కూర్చోలేదు. రైల్లో కింది బెర్తులు అయిపోయాయి. "నన్ను వదిలేసి మీరు పోయిరండి" అనేసింది.

మన బోటి కుటుంబాలకు ఇది చిన్న మాట కాదు. హోసూరైనా, బళ్ళారైనా, బరంపురమైనా, సోలాపూరైనా తరాలుగా ఉంటున్న మనకు అటువైపు చుట్టాలతో మిగిలిన రాకపోకలు ఎక్కువగా పెళ్ళిళ్ళకూ చావులకే. ఖర్చుకు భయపడి ఇద్దరు పోయి ముగ్గురు ఆగిపోతే, ఆగిపోయేది ఎప్పుడూ ముసలివాళ్ళూ పిల్లలే. వాళ్ళే కదా చూడాల్సినవాళ్ళు, చూపించాల్సినవాళ్ళు.

అందుకని ఈసారి ఐదుగురం విమానంలో పోయి, మధ్యరకం హోటల్లో దిగాలని తీర్మానించుకున్నాం. పోయొచ్చాం. పశ్చాత్తాపం లేదు. కానీ అనుకున్న డబ్బుకూ అయిన డబ్బుకూ చాలా తేడా వచ్చింది. ఆ తేడా ఎక్కడెక్కడ పుట్టిందో విడమరిచి చెబితే మీకు పనికొస్తుందని ఇది రాస్తున్నాం.

3,100 రూపాయల టికెట్టు

ఫోనులో ఒకరికి వెతికితే బెంగళూరు నుంచి హైదరాబాదుకు 3,100 అని చూపింది. ఐదుగురికి 15,500. సరే అనుకున్నాం. ఐదుగురికి కలిపి వెతికితే అదే విమానానికి ధర పెరిగింది. మోసం అనుకుని ఫోను మార్చాం, మళ్ళీ వెతికాం, అంతే.

ఇందులో మర్మం ఏమిటంటే, విమానంలోని సీట్లన్నీ ఒకే ధరకు అమ్మరు. కొన్నేసి సీట్లను ఒక్కో ధర కింద విడివిడిగా పెడతారు. అతి తక్కువ ధరలో మూడే సీట్లు మిగిలి ఉండి, మనం ఐదు అడిగితే, ఐదూ దొరికే పై ధరనే అందరికీ వేస్తుంది. కాబట్టి ముందు ఒకరికి, తర్వాత ముగ్గురికి, ఆపైన అందరికీ వెతికి చూడాలి. తేడా పెద్దగా ఉంటే రెండు బుకింగులుగా విడగొట్టుకోవచ్చు. కాకపోతే ముసలివాళ్ళనూ పిల్లలనూ పెద్దవాళ్ళు ఎవరూ లేని బుకింగులో పెట్టకూడదు. విమానం రద్దయితే ఒక బుకింగును ఒక విమానానికి, ఇంకోదాన్ని ఇంకో విమానానికి మార్చే ప్రమాదం ఉంది.

ఇంకో సంగతి. ఆ 3,100 సామాను లేని టికెట్టు. చేతిలో పట్టుకుపోయే ఏడు కిలోల సంచి ఒక్కటే, లోపలికి వేసే పెట్టెకు వీల్లేదు. పెట్టెతో అయితే మనిషికి 15 కిలోలు, ధర 3,600. మేము తెలివి చూపించాం. ఇద్దరికి పెట్టెతో, ముగ్గురికి పెట్టె లేకుండా తీసుకుని 1,500 మిగిల్చాం. టికెట్లకు మొత్తం 16,500 అయింది.

పెళ్ళికి పోయేవాళ్ళం ఆ తెలివి చూపించకూడదు. హోసూరు నుంచి పోతూ ఉత్త చేతులతో పోతామా? చీరలు, వెండి చెంబు, రాగిపిండి, ఊరగాయ జాడీలు, ఆఖరుకు తెల్లవారుజామున మార్కెట్టులో కొన్న రోజాపూల బుట్ట. రెండు టికెట్లకు కలిపి 30 కిలోలు కదా, కౌంటరు దగ్గర తూకం 36 చూపించింది. కిలోకు 600 చొప్పున 3,600 కట్టాం. మిగిల్చిన 1,500 ఎటు పోయిందో వేరే చెప్పనక్కర్లేదు. అదే బరువును ముందురోజు ఫోనులోనే కొనుక్కుని ఉంటే చాలా తక్కువలో అయిపోయేది. ఇంట్లో తూకం లేకపోతే కిరాణా కొట్టులో తూయించుకుని బయల్దేరండి.

సామాను మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. ఊరగాయ చేతి సంచిలో పెట్టుకుంటే తనిఖీ దగ్గర తీసేస్తారు, లోపలికి వేసే పెట్టెలోనే గట్టిగా కట్టి పెట్టాలి. ఎండుకొబ్బరికి త్వరగా మంట అంటుకునే గుణం ఉంది కాబట్టి విమానంలోకి రానివ్వరు. మన తాంబూలాల్లో అది లేకుండా ఉండదు కాబట్టి చేరిన ఊళ్ళోనే కొనుక్కోవాలి. పవర్ బ్యాంకు మాత్రం దీనికి సరిగ్గా తిరగబడి, చేతి సంచిలోనే ఉండాలి.

ఆ తర్వాత సీట్లు. డబ్బు కట్టకుండా వచ్చేవి ఎక్కువగా మధ్య సీట్లు. అమ్మ పక్కన ఒకరం ఉండాలని మూడు సీట్లకు 900 కట్టాం. పిల్లల విషయంలో ఇలా కట్టనక్కర్లేదని మాకు తర్వాత తెలిసింది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు, ఒకే బుకింగులో ఉంటే, తల్లిదండ్రుల్లో ఒకరి పక్కన సీటు ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లో విమాన సంస్థలకు చెప్పింది. పైన కన్వీనియెన్స్ ఫీజు అని మనిషికి 300 చొప్పున 1,500. ఇది టికెట్టు రద్దు చేసుకున్నా సాధారణంగా తిరిగి రాదు.

ఇక టాక్సీ. మా ఇంటి నుంచి దేవనహళ్ళి విమానాశ్రయానికి బెంగళూరును ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలి. పొద్దున ఏడున్నర విమానానికి మూడింటికే బయల్దేరాం, టోలుతో కలిపి 2,800. శంషాబాదు నుంచి హోటలుకు 1,200. అన్నీ కలిపితే 26,500 అయింది. అంటే 3,100 టికెట్టు మనిషికి 5,300 అయి కూర్చుంది. గంటా పావు ప్రయాణానికి ఇంటి గడప నుంచి హోటలు గడపకు ఏడున్నర గంటలు పట్టింది.

ఏసీ రైల్లో ఐదుగురికి ఇందులో సగం కూడా అయ్యేది కాదు. యశ్వంతపూర్ నుంచి కాచిగూడకు 2023 సెప్టెంబరు నుంచి వందేభారత్ కూడా నడుస్తోంది. ఎనిమిది గంటలకు పైగా కూర్చోగలిగితే అది మంచి దారే. అమ్మ కూర్చోలేదు కాబట్టి మేము విమానం ఎక్కాం. అమ్మ లేకపోతే ఎక్కేవాళ్ళం కాదు.

సామాను తక్కువగా ఉన్న ఒంటరి మనిషి మాత్రం ఎలక్ట్రానిక్ సిటీ దాకా వచ్చి, అక్కడి నుంచి వాయు వజ్ర బస్సులో దేవనహళ్ళికి పోవచ్చు. శంషాబాదులో దిగాక పుష్పక్ బస్సులున్నాయి. ఐదుగురికైతే టాక్సీయే నయం.

విమానం లోపలి సంగతి నాలుగు మాటల్లో చెప్పేస్తాం. శుభ్రంగా ఉంది, సమయానికి ఎగిరింది, కాళ్ళు చాపుకోవడానికి చోటు లేదు, తిండి కొనుక్కోవాలి. నీళ్ళు అడిగితే ఇస్తారు. అమ్మకు ముందే చక్రాల కుర్చీ అడిగి పెట్టాం, గేటు దాకా తోసుకుపోయిన పిల్లవాడు ఎంతో ఓపికగా చూసుకున్నాడు. భోజనంతో ఇచ్చే పెద్ద సంస్థల టికెట్టును ముందే పక్కన పెట్టేయకండి. సామాను, సీటు, తిండి అన్నీ కలిపాక రెండింటికీ తేడా ఒక్కోసారి చాలా తక్కువే ఉంటుంది. విమానాశ్రయంలో కాఫీ ధర చూసి గుండె ఆగినవాళ్ళకు ఒక మంచి కబురు. చెన్నై విమానాశ్రయంలో 2025 ఫిబ్రవరిలో ఉడాన్ యాత్రీ కఫే తెరిచారు, టీ పది రూపాయలతో మొదలుపెట్టారు.

టికెట్టు మీద పేరు

ఇది తమిళనాడులో ఉండే మనవాళ్ళకు ప్రత్యేకమైన తలనొప్పి. ఇక్కడ ఇంటిపేరు రాసే అలవాటు పోయి తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్‌గా మిగిలింది. ఆధారులో అమ్మ పేరు ముందు ఒక అక్షరం, మా పేర్ల ముందు ఇంకో అక్షరం. టికెట్టు కొనేటప్పుడు మాత్రం పేరు వేరుగా, ఇంటిపేరు వేరుగా అడుగుతుంది. హైదరాబాదు చుట్టం ఒకరు సాయం చేస్తామని తమకు తెలిసిన ఇంటిపేరుతో అమ్మ టికెట్టు కొన్నారు. ఆధారులో ఆ ఇంటిపేరు ఎక్కడా లేదు! గుర్తింపు కార్డులో పేరు ఎలా ఉంటే టికెట్టు మీదా అలాగే ఉండాలి. కొన్న 24 గంటల్లోపు చెబితే అదే మనిషి పేరులో తప్పు దిద్దడానికి డబ్బు తీసుకోకూడదని 2019లో కేంద్ర పౌర విమానయాన శాఖ తెచ్చిన ప్రయాణికుల చార్టర్‌లో ఉంది. మేము ఆ గడువులోనే చూసుకున్నాం కాబట్టి బతికిపోయాం.

లాబీలో మూడు గంటలు

హోటలు గురించి చెప్పాలంటే ముందు ఆ మాట గురించే చెప్పాలి. మన వైపు హోటలంటే ఇడ్లీ, కాఫీ దొరికే చోటు, పడుకునేది లాడ్జిలో. పాత లాడ్జీల్లో చాలాచోట్ల 24 గంటల పద్ధతి. పొద్దున ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటి దాకా గది మనదే. ఇప్పటి మధ్యరకం హోటళ్ళలో అది లేదు. మధ్యాహ్నం పన్నెండుకో రెండింటికో గది ఇస్తారు, మర్నాడు పదకొండుకల్లా ఖాళీ చేయాలి. ఒక రోజు అద్దె కట్టి ఇరవై ఒక్క గంటలు ఉంటామన్నమాట.

మేము పదిన్నరకు చేరాం. గది రెండింటికి అన్నారు. బతిమాలితే ఒంటిగంటన్నరకు ఇచ్చారు. ఆ మూడు గంటలూ అమ్మ లాబీలో మెత్తటి సోఫాలో కూలబడి కూర్చుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు మెత్తటి సోఫా ఎంత శిక్షో తెలిసినవాళ్ళకే తెలుసు. విమానానికి అన్ని వేలు పోసింది ఆమె మోకాళ్ళ కోసమే కదా! తప్పు మాదే. బుకింగు కాగితంలో ఆ సమయం రాసే ఉంది, మేము గది బొమ్మలు చూశాం గానీ అది చదవలేదు. ముందురోజు హోటలుకు నేరుగా ఫోను చేసి పెద్దావిడ ఉందని చెబితే, గది ఖాళీగా ఉంటే తొందరగా ఇస్తారు. లేదంటే సగం రోజు అద్దె అడుగుతారు. ఆ సంగతి తేలాకే విమానం సమయం ఎంచుకోవాలి. పదింటి విమానం ఎక్కి ఉంటే తెల్లవారుజాము నిద్రా మిగిలేది, సోఫా బాధా తప్పేది.

కూర్చున్నంతసేపూ రిసెప్షన్‌లోని అబ్బాయి హిందీలోనే మాట్లాడాడు. అమ్మ తెలుగులో జవాబు చెబుతూ వచ్చింది. కాసేపటికి అతనే తెలుగులోకి దిగి, "ఏ ఊరమ్మా మీది? మీ తెలుగు వేరేగా ఉంది" అన్నాడు. తమిళనాడు అంటే నమ్మలేదు. ఆ తర్వాత గది తొందరగా వచ్చిందేమో, మాకు తెలియదు.

గది బాగుంది. తెల్లటి పక్కలు, ఎప్పుడూ వేడినీళ్ళు, లిఫ్టు, చల్లగా ఏసీ. పెద్ద గొలుసు సంస్థల మధ్యరకం హోటళ్ళలో మెచ్చుకోవాల్సింది ఇదే, ఒక ఊళ్ళో ఎలా ఉంటుందో ఇంకో ఊళ్ళోనూ దాదాపు అలాగే ఉంటుంది. టాటావాళ్ళ జింజర్ 2004లో బెంగళూరు వైట్‌ఫీల్డులో వేరే పేరుతో మొదలైనప్పటి నుంచీ ఈ రకం మనకు అలవాటైంది. ఇతర హోటళ్ళకు తమ బోర్డు తగిలించి అమ్మే ఆన్‌లైన్ సంస్థల సంగతి వేరు, బోర్డు ఒకటే అయినా లోపల ఏ హోటలుకు ఆ హోటలే. అలాంటి చోట బొమ్మలు కాకుండా, ఈ రెండు మూడు నెలల్లో దిగినవాళ్ళు నీళ్ళ గురించీ లిఫ్టు గురించీ రాత్రి చప్పుడు గురించీ ఏం రాశారో చదవండి. పొగిడినవి కాదు, తిట్టినవి చదవండి.

డబ్బు లెక్కకు వస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. 7,500 దాటితే 18 శాతం. ఈ గీత దగ్గర జాగ్రత్త. 7,500 గదికి పన్నుతో 7,875 అవుతుంది. 7,600 గదికి 8,968. నూరు రూపాయల తేడాకు వెయ్యికి పైగా పడుతుంది. ముహూర్తాల రోజుల్లో మధ్యరకం గదులు కూడా ఈ గీతను దాటేస్తాయి. ఉదయం టిఫిను ఉచితం అన్నది గదికి ఇద్దరికే, మూడోవారికి కట్టాలి. అదనపు పరుపుకు వేరే. మేము రెండు గదులు తీసుకున్నాం. ఒక్క గదిలో రెండు అదనపు పరుపులు వేసుకున్నా పెద్దగా మిగిలేది కాదు.

బిల్లులో సర్వీస్ చార్జి కనిపిస్తే అది పన్ను కాదని గుర్తుంచుకోండి. అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. తీసేయమంటే తీసేస్తారు. తీయకపోతే 1915కు ఫోను చేయవచ్చు. మేము తినేటప్పుడు గమనించలేదు, రాత్రి చీటీ చూసుకుంటే ఉంది. కిందికి దిగి అడిగితే మాట్లాడకుండా తీసేశారు.

ప్రైవేటు హోటళ్ళే దిక్కు అనుకోవద్దు. పర్యాటక శాఖల హోటళ్ళు ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణల్లో హరిత, కర్ణాటకలో మయూర, ఒడిశాలో పాంథనివాస్. హంగులు తక్కువ. కానీ గదులు విశాలంగా, చాలాచోట్ల ఊరికి మంచి చోట ఉంటాయి. ముసలివాళ్ళతో పోయేవాళ్ళకు ఆ విశాలమే ముఖ్యం. రైలు టికెట్టు ఉంటే పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ రూములు కొన్ని గంటలకే తీసుకోవచ్చు. తెల్లారి దిగి స్నానం చేసి పెళ్ళికి పోయేవాళ్ళకు హోటలే అక్కర్లేదు.

తిరుగు ప్రయాణంలో ఆలస్యం

వచ్చేటప్పుడు రాత్రి 8:40 విమానం 11:20కి మారింది. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, రెండు గంటలకు పైగా ఆలస్యమైనప్పుడు తినడానికీ తాగడానికీ ఇవ్వాలని డీజీసీఏ నిబంధన. ఎవరూ పిలిచి ఇవ్వలేదు. అడిగాం, ఇచ్చారు. మమ్మల్ని చూసి మరో పదిమంది వచ్చారు. రాత్రి ఎనిమిది, తెల్లవారుజాము మూడు మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్లో బస కూడా ఇవ్వాలి. విమానం రద్దయిన సంగతి 24 గంటల ముందు కూడా చెప్పకపోతే, డబ్బు తిరిగివ్వడంతో పాటు ప్రయాణ సమయాన్ని బట్టి 5,000 నుంచి 10,000 వరకు పరిహారం ఉంది. మూల చార్జీ అంతకన్నా తక్కువైతే అంతే ఇస్తారు. తుపానులాంటి సంస్థ చేతిలో లేని కారణాలైతే ఈ పరిహారం ఉండదు.

మన వైపు నుంచి రద్దు చేసుకున్నప్పుడు కూడా, "డబ్బు వాపసు లేదు" అని రాసి ఉన్న టికెట్టులోనూ, విమానాశ్రయ రుసుములు, పన్నులు తిరిగి ఇవ్వాల్సిందే. విమానం ఎక్కలేకపోయినా సరే. చావు కబురు విని కొన్న టికెట్లు, ఆఖరు నిమిషంలో మానుకున్న టికెట్లు మన ఇళ్ళలో ఎన్నో ఉంటాయి. ఆ రుసుములు ఎంతమంది అడిగి తీసుకున్నారు?

ఇంత చెప్పాక కూడా విమానం మీద పూర్తిగా ఆధారపడవద్దనే మా మాట. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. పైలట్ల విశ్రాంతికి వచ్చిన కొత్త నిబంధనలకు తగ్గట్టు సంస్థ సిద్ధం కాకపోవడంతో వచ్చిన చిక్కది. మిగతా విమానాల ధరలు ఆకాశానికి పోతే, 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 7,500కు మించి తీసుకోవద్దని కేంద్రం గీత గీయాల్సి వచ్చింది. ముహూర్తం మర్నాడు పొద్దున ఉంటే ముందురోజు ఆఖరి విమానం ఎక్కకండి. చిన్న ఊళ్ళకు నడిచే ఉడాన్ విమానాలకు ఇది మరీ వర్తిస్తుంది. 2017లో మొదలైన ఈ విమానాల్లో, గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500కే ఇవ్వాలన్న నియమం వల్ల బళ్ళారి దగ్గరి విద్యానగర్, కలబురగి, సేలం లాంటి చోట్లకు విమానం వచ్చింది. సంతోషమే. కానీ ఉన్న ఒక్క విమానం ఆగిపోతే ఆ రోజుకు ఇంకోటి ఉండదు.

అందరికీ విమానం లెక్క కుదరదు కూడా. బరంపురం నుంచి భువనేశ్వర్ విమానాశ్రయానికి పోయే సమయంలో విశాఖ దారి చాలా వరకు రైల్లో అయిపోతుంది. సోలాపూరు నుంచి హైదరాబాదుకు రైలే మేలు. యానాంవాళ్ళకు రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం అందుబాటులోనే ఉంది, వాళ్ళు చెన్నైకో బెంగళూరుకో రావాలంటే ఆలోచించవచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో అమ్మ మళ్ళీ లెక్క మొదలుపెట్టింది. 2027లో గోదావరి పుష్కరాలు. 2015లో పోలేకపోయానని, ఈసారి తప్పదని అంటోంది. ఆ పన్నెండు రోజులూ రాజమండ్రిలో గది ధరలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. అందుకని ఇప్పుడే మూడు పనులు పెట్టుకున్నాం. రైలు బుకింగు తెరిచిన రోజునే కింది బెర్తు పట్టాలి. రాజమండ్రిలో కాకుండా కాకినాడ వైపు గది అడగాలి. ఏ గదైనా సరే, ముందు ఎన్నింటికి ఇస్తారో అడగాలి.